డ్రమ్ములు లేని బ్యాండు, సుగ్గికి పోయే భజన జట్టు

అపవాదు వస్తే ఎవరైనా కాదని రాస్తారు. నాకు వచ్చింది అపవాదు కాదు, పొగడ్త. అయినా అది నిజం కాదు కనుక కాదని రాస్తున్నాను. బేతంచెర్ల పిల్లల పంక్ రాక్ బ్యాండు తన రెండో ఆల్బంలో డ్రమ్ములకు బదులు చెక్కభజన వాడిందనీ, ఆ ఆలోచన కర్నూలులో ఒక ముసలి రికార్డింగ్ మాస్టరుదనీ, పల్లె పాటనూ పడమటి పాటనూ ఆయన ఎంతో ముందుచూపుతో కలిపాడనీ అంటున్నారు. ఇంటర్నెట్టులో రాశారు కూడా. ఒక కాలేజీవాళ్ళు పిలిచి శాలువా కప్పారు. శాలువా కప్పుతున్న చేతిని మధ్యలో ఆపి నిజం చెప్పడం కష్టం. అందుకే తీరిగ్గా కూర్చుని ఇప్పుడు చెబుతున్నాను. ఆ రోజు నాకు ముందుచూపు కాదు కదా, పక్కచూపు కూడా లేదు. ఒకే రోజుకు రెండు జట్లను రమ్మన్నాను. అంతే.

రికార్డింగ్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇది చదువుతారని నా ఆశ. మీకిప్పుడు ఫోనులోనే స్టూడియో ఉంది. నాకు కర్నూలు పాత ఊళ్ళో ఒక సందు చివర రెండు గదులు, ముందు ఒక వరండా ఉండేవి. లోపలి గదిలో పాడేవాళ్ళు, అద్దం ఇవతల చిన్న గదిలో నేను. నేను చదివింది పదో తరగతే. మిగతా చదువంతా జిల్లా గ్రంథాలయంలో జరిగింది. గోడలకు గుడ్ల అట్టలు అతికిస్తే బయటి చప్పుడు లోపలికి రాదని అందరూ నమ్మే కాలంలో, అవి గదిలోని ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయే తప్ప చప్పుడును ఆపలేవనీ, ఆపాలంటే బరువైన వస్తువు కావాలనీ ఒక భౌతికశాస్త్రం పుస్తకంలో చదివాను. ఆ సాయంత్రమే అట్టలు పీకేశాను. ఇసుక నింపిన గోనెసంచులు పేర్చి, వాటి ముందు మా అమ్మ కుట్టిన బొంతలు వేలాడదీశాను. మంత్రాలయం దుకాణాలకు భక్తి పాటలు, ఎన్నికలొస్తే పార్టీల పాటలు, ఆటోల్లో తిరిగే చీరల దుకాణాల ప్రకటనలు, వీటి మధ్య నా ఉద్యోగ జీవితం గడిచిపోయింది. ఒకే గాయకుడు పొద్దున ఒక పార్టీని గెలిపించి, సాయంత్రం అదే గొంతుతో ఇంకో పార్టీని గెలిపించిన రోజులున్నాయి. బొంతలు ఎవరికీ చెప్పలేదు.

అలాంటి గదిలోకి ఒకరోజు నలుగురు పిల్లలు వచ్చి, తాము పంక్ పాడతామన్నారు. ముగ్గురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. పాడేది ఆ అమ్మాయి. డ్రమ్ములు వాయించేవాడు ఆమె అన్న. వాళ్ళ కుటుంబానికి బేతంచెర్లలో బండలు పాలిషు పట్టే చిన్న షెడ్డు ఉంది. గిటారు అబ్బాయి వాళ్ళ వీధివాడే, బెంగుళూరులో ఉద్యోగం. బేస్ గిటారు అబ్బాయి కడప నుంచి వచ్చేవాడు.

పంక్ అంటే ఏమిటో నాకు తెలియదు. తెలియదని వాళ్ళతో అనకుండా, వారం గడువడిగి గ్రంథాలయానికి వెళ్ళాను. ఒక ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వంలో అర పేజీ ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. పాట పొట్టిగా ఉంటుంది, వేగంగా ఉంటుంది, కోపంగా ఉంటుంది. సంగీతం నేర్చుకునేదాకా ఆగనక్కర్లేదు, చెప్పాల్సింది ఉంటే చాలు. ఆ అర పేజీ చదివి నేను ఆశ్చర్యపోయాను. ఎందుకంటే అది నా చదువు గురించి కూడా రాసినట్టుంది. కాలేజీకి వెళ్ళేదాకా ఆగకుండా చదువుకున్నవాణ్ణి కదా. వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు ఇదంతా వివరించాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. "మాకే ఇంత తెల్దు సార్" అన్నాడు డ్రమ్ముల అబ్బాయి.

ఆ అబ్బాయితో నాకు రోజూ ఒకటే గొడవ. అతను పరుగెత్తేవాడు. పాట ఒక నడకలో మొదలై, చివరికి వచ్చేసరికి లగెత్తేది. చెవిలో టిక్కు టిక్కుమనే లెక్క వినిపించే హెడ్‌ఫోన్లు పెట్టాను. తీసి మెడలో వేసుకున్నాడు.

"గడియారం మాదిరి కొట్టప్పా" అన్నాను.

"గడియారం పాడితే ఎవరు వింటారు సార్?"

అతను వినేది గడియారాన్ని కాదు, చెల్లెలిని. పాట అందుకునే ముందు ఆమె ఊపిరి తీసుకుంటుంది కదా, ఆ ఊపిరిని కళ్ళతో చూసి దెబ్బ వేసేవాడు. ఆమెకు కోపం పెరిగితే అతని చేతుల వేగం పెరిగేది. ఆ మొదటి ఆల్బం అలాగే బయటికి వెళ్ళింది. బెంగుళూరు, హైదరాబాదు పిలిచి పాడించుకున్నాయి. తర్వాతి వానాకాలంలో ఆ అబ్బాయికి డెంగీ జ్వరం వచ్చింది. కర్నూలు తీసుకొచ్చారు. బతకలేదు. పెళ్ళి కూడా కాలేదు.

ఏడాది పైగా ఆ పిల్లల చప్పుడు లేదు. నేను కూడా గది మూసేసే ఆలోచనలో ఉన్నాను. అప్పుడు ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది.

"పాటలు రాసి పెట్టుకున్నాం సార్. ఆల్బం చేయల్ల."

"మంచిది పాపా. చేద్దాం."

"చేద్దామంటే అయ్యేది కాదు సార్. నాకు మొదలుపెట్టేకి రావట్లే. నోరు తెరుస్తా, గొంతు రాదు. ఒక్కసారి మొదలైతే పాడేస్తా, అది తెలుసు. మొదలే లేదు. బెంగుళూరులో వేరే డ్రమ్మరుతో సూసినాం. మంచోడే పాపం. ఒక పాట గూడా మొదలుకాలే. బయటికొచ్చేసినా."

"మరి ఇప్పుడు?"

"ఆ సీట్లో ఇంకో మనిషి కూసుంటే నావల్ల కాదు. అందుకని దరువంతా ల్యాప్‌టాప్‌లో చేసినాం. ఒక్క దినం సార్, మీ దగ్గరే. ఆ దినం గూడా నాకు గొంతు రాకపోతే బ్యాండు ఆపేస్తాం. అన్న డ్రమ్ములు షెడ్డులో గుడ్డ కప్పి ఉండాయి. వాయించేవాళ్ళకు ఎవరికన్నా ఇచ్చేస్తాం."

ఇది చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు. బండల లోడు ఎప్పుడు పంపాలో చెప్పినట్టు చెప్పింది. నేను తేదీ ఒకటి ఖాయం చేశాను. గిటారు అబ్బాయి సెలవు ఆ రోజుతో సరి.

ఇక నా ఘనకార్యం. ఆ తర్వాత కొద్ది రోజులకు, గ్రంథాలయంలో ఉండగా కోసిగి పక్క పల్లె నుంచి చెక్కభజన గురువు ఫోను చేశాడు. చెక్కభజన చూడనివాళ్ళ కోసం చెబుతాను. చేతిలో గజ్జె బిళ్ళలు పొదిగిన చెక్కల జత, కాళ్ళకు గజ్జెలు. గురువు పాట ఎత్తుకుంటాడు, చుట్టూ తిరిగే జట్టు అందుకుంటుంది. మెల్లగా అడుగులతో మొదలై, ఊపు పెరిగి పెరిగి, చివరికి నేల అదురుతుంది. ఆ గురువు జట్టు పాటలు ఇదివరకే ఒకసారి రికార్డు చేశాను.

"పుష్యమాసం అమాస పోయిన మర్నాడు వస్తాం సార్" అన్నాడు. అమావాస్య నాడు వాళ్ళు ఊరు కదలరు.

"రండప్పా" అన్నాను.

వాళ్ళు చంద్రుణ్ణి చూసి చెప్పారు, బ్యాండు పిల్లలు తేదీ చూసి చెప్పారు. మన జిల్లాలో పుట్టినవాడికి రెండు లెక్కలూ తెలుసు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. ఆ ఫోను వచ్చినప్పుడు నేను చదువుతున్నది చంద్రుడి వల్ల సముద్రానికి ఆటుపోట్లు ఎలా వస్తాయో వివరించే పుస్తకం. చంద్రుడి గురించి అంత శ్రద్ధగా చదువుతూ, అమావాస్య ఎప్పుడో చూసుకోలేదు.

ఆ రోజు పొద్దున గది తాళం తీసేసరికి సందులో ఒక సరుకుల ఆటో ఆగి ఉంది. అందులోంచి భజన జట్టు దిగుతోంది. గురువు, ఆయన భార్య, డజనుకు పైగా మగవాళ్ళు. నేను తెరిచిన నోరు ఇంకా మూయకముందే వెనక కారు ఆగింది. గిటార్లు, ల్యాప్‌టాప్, ముగ్గురు పిల్లలు.

"సార్, ఈ దినం మాది కదా?" అన్నాడు గిటారు అబ్బాయి.

గురువు అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "మీదెట్లయితాదప్పా? అమాస పోయిన మర్నాడని సార్‌కు శానా దినాల కిందే చెప్పినా."

"మాకు సార్ తేదీ ఇచ్చినాడు."

"తేదీ యాడుండాది? ఆకాశంలో ఉండాదా? మాది ఆకాశంలో ఉండాది, పోయి సూసుకో."

"పగలు యాడ కనపడతాది పెద్దాయనా?"

"అమాస మర్నాడు రాత్రి గూడా కనపడదులే" అన్నాడు జట్టులో ఒకాయన. వెనక నవ్వులు.

అందరూ నావైపు తిరిగారు. ఇద్దరు చెప్పేదీ నిజమేనని నేను న్యాయం చెప్పబోయాను. గురువు భార్య గుమ్మంలోంచి లోపలికి తొంగి చూసి, "సూడండమ్మా! గోడ పొడుగునా పుస్తకాలే. ఇంత సదువుకున్న ఆయప్ప ఇంట్లో ఒక్క క్యాలెండరు లేదు" అంది. దాంతో కోపాలు దిగిపోయాయి. నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే.

కానీ సమస్య సమస్యగానే ఉంది. "ఇంకో దినం రాండప్పా అంటే యాడ వస్తాం సార్?" అన్నాడు గురువు. "రేపు తెల్లారితే సుగ్గికి పోతాండాం. గుంటూరు పక్క మిరపకాయ కోత. ఊర్లో సగం ఇండ్లకు తాళాలు పడతాయి. ఆంజనేయసామి తేరు నాటికి జట్టులో ఒక్కడు ఉండడు. మేం లేకపోతే పాయె, మైకులో మా పాటన్నా ఉండల్ల కదా తేరు ముందర."

గిటారు అబ్బాయి ఏదో అనబోయాడు. ఆ అమ్మాయి అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "ఫస్టు వాళ్ళు పాడుకోనీ రా. మనకు సాయంత్రం వరకు టైముండాది."

ఉదారంగా అన్న మాటే. కానీ మైకు ముందు నిలబడే ఘడియ కాస్త వెనక్కి జరిగినందుకు ఆమె మొహంలో తేలిక కనిపించింది. అది చూసి నాకు భయం వేసింది.

భజన జట్టు పని మధ్యాహ్నానికి అయిపోయింది. వాళ్ళకు రెండోసారి పాడటం అంటూ ఉండదు. ఒకసారి మొదలైతే ఏది తప్పినా ఆపరు. ఒక పాట మధ్యలో గురువుకు దగ్గు వచ్చింది. ఆయన దగ్గుతున్నంతసేపూ జట్టు వెనకటి చరణాన్నే తిప్పి తిప్పి పాడుతూ ఉంది. దగ్గు తగ్గి ఆయన నోరు తెరవగానే, చెక్కలన్నీ ఒక్కసారిగా పక్కకు జరిగి దారి ఇచ్చినట్టు పాట ముందుకు పోయింది. వాళ్ళందరి కళ్ళూ గురువు నోటి మీదే. ఆ దగ్గు తర్వాత తీసేస్తానని నేను లెక్క వేసుకున్నానే తప్ప, దాని గురించి ఇంకేమీ ఆలోచించలేదు. ముందుచూపు అని ఎందుకు అనకూడదో మీకు అర్థమయ్యే ఉంటుంది.

గురువు భార్య ఆటో తీసుకుని బజారుకు పోయింది. సుగ్గికి పోయినచోట చేను గట్టున గుడిసె వేసుకోవడానికి టార్పాలిన్ పట్ట కావాలి. ఆమె వచ్చేదాకా జట్టుకు వేరే దారి లేదు. వరండాలో సంగటి ముద్దలు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి విప్పుకుని కూర్చున్నారు. పిల్లలకూ పెట్టారు. బేస్ గిటారు అబ్బాయి మూడో ముద్ద అడిగి, "కడపోడా? అడక్కుండానే తెలిసిపాయె" అనిపించుకున్నాడు.

తర్వాత బ్యాండు వంతు. గిటారు చప్పుడు పాడే మైకులో పడకుండా దాని స్పీకరు పెట్టెను వరండా మూలలో పెట్టాను. దాని తీగ వల్ల తలుపు పూర్తిగా మూయడానికి రాలేదు. అమ్మాయి మైకు ముందు నిలబడింది. గిటారు అబ్బాయి ల్యాప్‌టాప్ నొక్కాడు. దరువు మొదలైంది. శుభ్రంగా, తూకం వేసినట్టు, ఒక్క వెంట్రుక వాసి తేడా లేకుండా. నేను జీవితమంతా డ్రమ్మర్లను ఎలా కొట్టమని బతిమాలానో అలాగే కొడుతోంది.

ఆమె ఊపిరి తీసుకుంది. పాడాల్సిన చోటు వచ్చింది, పోయింది. దరువు ముందుకు వెళ్ళిపోయింది.

ఆపి మళ్ళీ పెట్టారు. మళ్ళీ వెళ్ళిపోయింది. ఎన్నిసార్లని చెప్పను? లైటు తీసేశాం. అటు తిరిగి నిలబడమన్నాం. నీళ్ళు తాగించాం. గిటారు అబ్బాయి ఓర్పు ఉన్నవాడే, కానీ అతని బెంగుళూరు రైలు సమయం దగ్గరపడుతోంది.

"ఇంకొక్కసారి చేద్దాం" అన్నాడు.

"అది నన్ను సూడట్లే రా" అంది ఆమె.

"ఏది?"

"అదే, ల్యాప్‌టాపు. నేను పాడినా పోతాది, పాడకున్నా పోతాది."

అతను దరువును మళ్ళీ మొదటికి జరిపాడు. ఆమె కళ్ళు మూసుకుని, "పెట్టు. ఇదే లాస్టు" అంది. లాస్టు అంటే పాటకు కాదని ముగ్గురికీ తెలుసు, నాకూ తెలుసు.

దరువు మొదలైంది. చోటు వచ్చింది. పంటి బిగువున ఆమె గొంతులోంచి మొదటి మాట బయటపడింది.

"దుమ్ము మాది! నునుపు మీది!"

బండలు పాలిషు పట్టేవాళ్ళ పాట అది. అంతే. ఆ ఒక్క కేక. తర్వాతి మాట రాలేదు. నోరు తెరిచే ఉంది, గొంతు లేదు. నేను యంత్రం ఆపడానికి చెయ్యి చాచాను.

అప్పుడు వరండాలోంచి, కూర్చున్నచోటి నుంచే, డజను గొంతులు అందుకున్నాయి.

"దుమ్ము మాది! నునుపు మీది!"

వెంటనే చెక్కలు. మళ్ళీ అదే మాట. మళ్ళీ అదే. ల్యాప్‌టాప్ ఒక దారిన పోతోంది, వీళ్ళు ఒక దారిన పోతున్నారు. నేను ఒళ్ళు మండి వరండాలోకి పరుగెత్తాను.

"ఏమప్పా ఇది? లోపల రికార్డింగు జరుగుతాంటే!"

గురువు చెక్కలు ఆపకుండానే అన్నాడు. "పాట కిందపడిపోతాంటే ఎట్ల సూస్తా కూసుంటాం సార్? ఆ పాప వచ్చేవరకు పట్టుకున్నాం. అంతే కదా."

"అది మీ పాట కాదప్పా!"

"ఎవరిదైతే ఏమి? పడితే పడినట్లే కదా."

వెనక్కి తిరిగితే ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. చెక్కలు ఆగలేదు. వాళ్ళందరూ చెక్కలు ఆడిస్తూ ఆమె నోటివైపే చూస్తున్నారు. ఎవరి కళ్ళలోనూ జాలి లేదు. జాలి పడటానికి వాళ్ళకేం తెలుసు? అన్న సంగతి ఎవరూ చెప్పలేదు. పాట ఎత్తుకున్న మనిషి తిరిగి వస్తుందని చూస్తున్నారు, అంతే. ఆమె ఊపిరి తీసుకుంది. చెక్కలు సన్నగిల్లి దారి ఇచ్చాయి. రెండో మాట వచ్చింది. మూడోది వచ్చింది. చరణం పూర్తయింది. అంతా నా వరండాలో, మైకు లేకుండా గాలికి పోయింది.

"సార్" అంది ఆమె, ఎగపోస్తూ. "వీళ్ళను లోపలికి రమ్మనండి."

గిటారు అబ్బాయి తల పట్టుకున్నాడు. "ఒక్కొక్కరు ఒక్కో స్పీడు కొడతాండారే! ల్యాప్‌టాపు ఏం చేయల్ల?"

"మూసెయ్."

ఆ నిర్ణయం ఆమెది. శాలువా ఎవరికి కప్పాలో ఇకనైనా తెలుసుకోండి.

అంత తేలిగ్గా అయిందనుకోకండి. ఆ గదిలో నలుగురు పడతారు, పదిహేను మంది దూరారు. చెక్కల చప్పుడుకు నా మీటర్ల ముళ్ళన్నీ ఎర్రగీత దాటి అక్కడే కూర్చున్నాయి. మైకులను పైకప్పు దాకా ఎత్తాను. రెండు బొంతలు మీద కప్పాను. గురువుకు పాట నచ్చింది గానీ దానికి దేవుడి పేరు లేదని దిగులు. "మొదట్లో ఒక్కసారి గణపతిని తలుసుకుందామా పాపా?" అన్నాడు. "తలుసుకోండి తాతా, మైకు ఆన్ చేయకముందు" అంది ఆమె. జట్టువాళ్ళకు పాట అంత త్వరగా అయిపోవడం మింగుడు పడలేదు. కాళ్ళు ఊపందుకునేసరికి పాట ముగిసేది. "ఇదేం పాట, పెండ్లికి పోతే అన్నం పెట్టకముందే తాంబూలం ఇచ్చినట్లుండాది" అన్నాడొకాయన.

అన్నిటికంటే పెద్ద చిక్కు వేగం. వాళ్ళు పరుగెత్తుతారు. భజనలో అదే మర్యాద, మొదట నడక, చివర పరుగు. గిటారు అబ్బాయి వేళ్ళు అందుకోలేక, "పరుగెత్తొద్దు పెద్దాయనా!" అని అరిచాడు. "మేం యాడ పరుగెత్తుతాండాం? ఆ పాప లాగుతాంటే పోతాండాం" అన్నాడు గురువు.

నేను అద్దం ఇవతల ఆ మాట విని మీటల మీంచి చెయ్యి తీసేశాను. సరిచేయడానికి ఏమీ లేదు. ఆ బ్యాండు పాట మొదటినుంచీ అలాగే ఉండేది. ఇన్నాళ్ళూ వాళ్ళు వెతికింది అన్నతో ఆగిపోయిన వేగాన్నే. తూకం వేసిన యంత్రంలో అది దొరకలేదు.

రెండో పాట మధ్యలో ఆమె ఆగిపోయింది. పాడుతూ పాడుతూ అన్న కూర్చునే మూలవైపు చూసింది. అక్కడ జట్టులో ఒక పొడుగాయన నిలబడి ఉన్నాడు. కన్నీళ్ళు కారిపోయాయి. జట్టు ఆ చరణాన్ని పట్టుకుని తిరిగింది. ఆమె ముక్కు తుడుచుకుంది, తిరిగారు. నీళ్ళు తాగింది, తిరిగారు. ఆల్బంలో ఆ చోటు ఎంత పొడుగుందో విన్నవాళ్ళకు తెలుసు. అది అలంకారం అనుకున్నారు చాలామంది. కాదు. నీళ్ళు తాగడానికి పట్టిన సమయం. ఆమె తిరిగి అందుకున్నప్పటి గొంతు నా నలభై ఏళ్ళ పనిలో నేను విన్న మంచి గొంతుల్లో ఒకటి.

ఆ పాట అయ్యేసరికి గురువు భార్య నీలం పట్ట చుట్ట నెత్తిన పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఏమయ్యా! నన్ను బజారుకు తోలి నువ్వీడ సిన్మాలో చేరినావా? ఆటో ఆయప్ప హారను కొట్టి కొట్టి సాలించుకున్నాడు."

"ఉండవే, పాపకు పాట పట్టుకుంటాండాం."

"ఏం పాట?"

అమ్మాయి మొదటి పాట చెప్పింది. దుమ్ము మాది, నునుపు మీది. ఆమె పట్ట కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని ఒక నిమిషం ఆలోచించింది. "మాకైతే మిరపకాయ. పొద్దంతా కోస్తే రాత్రి చేతులు మంటకు నిద్ర రాదు. మంట మాది, కారం మీది అను." అని లోపలికి వచ్చి మైకు దగ్గర నిలబడింది. ఆ పాటను మళ్ళీ మొదటినుంచి పాడారు. చివర్లో వినిపించే ఆడ గొంతు ఆమెదే. అది ఎవరో పేరున్న గాయని అని ఎక్కడో రాశారు. కాదు.

పంక్ పాట పొట్టిదని చెప్పాను కదా. పొద్దు వాలేలోపు పాటలన్నీ అయ్యాయి, ఒక్కటి తప్ప. భజన జట్టు చెక్కలు మూట కట్టుకుని ఆటో ఎక్కుతోంది. అమ్మాయి బయటికి వెళ్ళి గురువు కాళ్ళకు దండం పెట్టింది. అప్పుడు చెప్పింది అన్న సంగతి. గురువు ఆటో మీద పెట్టిన కాలు కిందికి దించాడు. "మాక్కూడా పోయినేడు సుగ్గిలో ఒకడు పోయినాడు పాపా. పాము కరిసి" అన్నాడు. "వాడి చెక్కలు మా ఇంట్లోనే ఉండె. ఈసారి వాటిని వాడి తమ్ముడు వాయించినాడు. నువ్వు సూసింటావు, ఆ పొడుగోడు."

ఆటో వెళ్ళిపోయింది. గిటారు అబ్బాయి తన రైలు తప్పిపోయిందనీ, బస్సుకు పోతాననీ అన్నాడు. మిగిలిన ఆ ఒక్క పాట సంగతి ఎవరూ ఎత్తలేదు. జట్టు లేదు, ల్యాప్‌టాప్ మూసి ఉంది. ఇక ఇంతటితో చాలనుకుని నేను మీటర్ల వెలుగు తగ్గిస్తున్నాను.

"సార్, ఆపొద్దు" అని లోపలినుంచి వినిపించింది.

తల ఎత్తి చూశాను. ఆమె మైకు ముందు ఉంది. హెడ్‌ఫోన్లు లేవు. గిటారు పిల్లలిద్దరూ ఇంకా వరండాలోనే ఉన్నారు. ఆమె ఎవరివైపూ చూడలేదు, ఏ మూలవైపూ చూడలేదు. ఊపిరి తీసుకుంది.

"లారీ ఆగదు, రోడ్డు ఆగదు, నేనాగితే ఎట్ల?"

దరువు లేదు. పిల్లలిద్దరూ గిటార్లు మెడలో వేసుకుంటూ పరుగెత్తుకొచ్చి మధ్యలో కలిశారు. ఆ పాటలో మొదట గొంతు ఒక్కటే ఉండి, తర్వాత గిటార్లు ఒకటొకటిగా వచ్చి చేరడం కూడా ఎవరి ఆలోచనా కాదు. వాళ్ళు వరండాలో ఉన్నారు, అందుకని ఆలస్యమైంది.

ఆ ఏడాదే నేను గది మూసేశాను. తేరుకు పాటలు సమయానికి అందాయి. డ్రమ్ములు ఎవరికీ ఇవ్వలేదు.

ఇంతసేపూ ఎవరి పేరూ రాయలేదు, పేర్లు వస్తే సంగతి పక్కకు పోతుందని. ఇప్పుడు రాస్తాను. డ్రమ్ములు వాయించిన ఓబులేసును మొదట తలుచుకోమని అతని చెల్లెలు చెప్పింది. డ్రమ్ములు సర్దుకోవడానికి సమయం పడుతుంది కనుక ఎక్కడికైనా అతనే ముందు వెళ్ళేవాడట. నా దండాలు మొదట అతనికి. పాటను కిందపడనివ్వని గురువు ఈరన్నకు, ఆయన జట్టుకు. మంట గురించి చెప్పిన నరసమ్మకు. బస్సు కోసం పరుగెత్తాల్సినవాడు పాట కోసం వెనక్కి పరుగెత్తినందుకు గిటారు ఖాజాకు. బేస్ గిటారు సుధాకరుకు. హారను కొట్టడం మానేసి నిశ్శబ్దంగా కాచుకున్న ఆటో మద్దిలేటికి. మూసే వేళ దాటినా నన్ను లేపని గ్రంథాలయం సరోజమ్మకు. ఇక చివరగా, మొదలుపెట్టినందుకు, అనితకు.